వంతు మానేసిన అడవి

అనగనగా, చెట్ల కొమ్మలు మబ్బుల్ని గీరి నిద్రలేపేంత ఎత్తున్న ఒక అడవిలో, కోటమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆ అడవికంతటికీ ఆవిడే వైద్యురాలు. అల్లాటప్పా వైద్యురాలు కాదు పిల్లలూ! ఓసారి చిరుతపులి పాదంలో తుమ్మముల్లు విరిగింది. కోటమ్మ తన వీపు మీది ముల్లొకటి పీకి, దాంతో దాన్ని ఎంత చటుక్కున తీసిందంటే, కళ్ళు గట్టిగా మూసుకున్న చిరుత, "ఇంకా మొదలెట్టవేం పిన్నీ?" అని అడిగాడు.

"అయిపోయింది. ఇంటికెళ్ళు" అంది కోటమ్మ.

పెద్ద కొండరాయి కింద ఆవిడ మందుల గుహ. పుండు పడినా, జ్వరమొచ్చినా అందరూ అక్కడికే. మందుకి అడవి పసుపు కావాలి. అదేమో ఎదుటి కొండ మీద, ఎలుగుబంట్ల చోట మాత్రమే పెరుగుతుంది. ఆ ఎలుగులకి విస్తరాకుల్లో ఇప్పపూలు వడ్డించుకు తినడమంటే ప్రాణం. అందుకని ఈ అడవి వాళ్ళు అడ్డాకులు కోసి, ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టి వాళ్ళకిచ్చేవారు. బదులుగా పసుపు తెచ్చుకునేవారు. ఇంటింటికీ వంతు. ఒకరు ఆకు కోస్తే ఒకరు కుట్టాలి. ఒకరు పసుపు నూరితే ఒకరు రోగి పక్కన కూర్చోవాలి. వంతుకి రాలేని ముసలివాళ్ళకి కూడా మందు ఆగేది కాదు.

అంతా బాగానే ఉంది గానీ, పిలవందే ఒక్కరూ వంతుకి రారు. రోజూ తెల్లవారగానే కోటమ్మ ఆ పొట్టి కాళ్ళతో అడవంతా తిరగాలి. ఆవిడ తిరిగిన దారులు అరిగి అరిగి కాలువలయ్యాయి. వానొస్తే వాటిలో చేపలు ఈదేవంటే చూసుకోండి!

"లింగయ్యా, ఇవాళ ఆకు కోత నీదిరా" అనేది కోతితో.

"అయ్యో అత్తా, తోక పట్టేసింది! చెట్టెక్కలేను" అనేవాడు లింగయ్య, చిటారుకొమ్మ మీంచి.

"రత్తీ, కుట్టుపని నీదే" అనేది కుందేలుతో.

"ఇవాళ మా చెల్లెలొస్తోంది పిన్నీ."

"నిన్న కూడా వచ్చిందిగా?"

"నిన్నొచ్చింది వేరే చెల్లెలు. మాకు చెల్లెళ్ళకి కొదవా?"

ఇక అడవిపంది గంగులు. బురదలో పడుకుని, "నేను నిద్రపోతున్నాను వదినా" అనేవాడు.

"మాట్లాడుతున్నావు కదయ్యా!"

"నిద్రలోనే."

ఇన్ని గడపలూ తొక్కి గుహకి వచ్చేసరికి అక్కడ రోగులు మూలుగుతూ కూర్చుని ఉండేవారు. వైద్యం ఆవిడకి బరువు కాదు. ఈ బతిమాలడమే బరువు. రాను రాను ఆవిడ మాట కూడా నీరసంగా వచ్చేది.

ఒకనాడు భద్రయ్య అనే ఏనుగు వచ్చాడు. కడుపునొప్పి తగ్గించినందుకు కోటమ్మంటే అతనికి గౌరవం.

"ఈ చీమలబారు నీకెందుకు కోటమ్మా?" అన్నాడు. "వంతులన్నీ తీసెయ్యి. పసుపు నేనొక్కణ్ణే తెస్తాను. నా తొండం ఉండగా నువ్వు ఇంకొకళ్ళ గడప తొక్కడమా?"

కోటమ్మ ఆలోచించింది. ఈ విస్తళ్ళే కదా ఎదుటి కొండకీ మనకీ చుట్టరికం అనుకుంది. ఇంతలో కాళ్ళు సలిపాయి. రేపు మళ్ళీ వినాల్సిన లింగయ్య తోక సాకు, రత్తి చెల్లెళ్ళ సాకు గుర్తొచ్చాయి.

"సరే దొరా. నీ ఇష్టం" అంది.

మర్నాడు భద్రయ్య తెచ్చిన పసుపు గుట్టకి ఆ పూట సూర్యుడే వెలవెలబోయాడు! మొక్కలకి మొక్కలే, దుంపలూ వేళ్ళూ మట్టితో సహా ఉన్నాయి.

"ఎలుగులు ఏమన్నారు దొరా?"

"ఏమంటారు? నన్ను చూసి చెట్లెక్కారు."

పాదుల్లో ఏమైనా మిగిల్చావా అని ఇంకో మాట అడగాల్సింది. కోటమ్మ అడగలేదు. కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుంది. ఎన్నేళ్ళయిందో అలా కూర్చుని!

అడవిలో అందరికీ పండగే. వంతులు పోయాయి. ఈనెపుల్లలు తడిసి కుళ్ళాయి. నూరుడు రాయి మీద నాచు పట్టింది. రోగి పక్కన కూర్చునేవాళ్ళు కూడా మానేశారు.

ఎండాకాలం వచ్చింది. వాగులు ఎండాయి. ఏటా వెళ్ళినట్టే భద్రయ్య మందతో కలిసి దూరాన ఉన్న పెద్ద నదికి వెళ్ళిపోయాడు. ఏటా వెళతాడనీ, వానలు వెనకబడితే గానీ రాడనీ అందరికీ తెలుసు. ఆ సంగతి ఒక్కరూ ఆలోచించలేదు.

తొలకరి పడగానే బురదనేలల్లో గిట్టల పుళ్ళు మొదలయ్యాయి. గుహలో ఉన్న పసుపంతా జింకలకే సరిపోయింది. ఆఖరున గంగులు పడ్డాడు. గిట్ట కుళ్ళి లేవలేకపోయాడు. పాకి వెళ్ళి నీళ్ళు తాగే ఓపిక కూడా లేదు.

"వదినా, ఇప్పుడు నిజంగానే లేవలేకపోతున్నాను" అన్నాడు.

కోటమ్మకి ఏడుపొచ్చింది. మందు లేదు. వానలో ఎదుటి కొండెక్కింది. అక్కడి ముసలి ఎలుగు ఎదురొచ్చింది.

"మీ ఏనుగు మా పాదులన్నీ వేళ్ళతో సహా పెరికాడు. మీ విస్తళ్ళు రావడం లేదు. ఏ మొహం పెట్టుకొచ్చావమ్మా?"

"అలిసిపోయానక్కా. మొయ్యడానికి ఒక్క వీపు చాలనుకున్నాను. అక్కడొక ప్రాణం పోతోంది."

ఎలుగు వెనక్కి తిరిగి పాదుల వైపు చూసింది. "మిగిలింది ఒక్క పాదు. అందులో పిడికెడు ఇస్తాను. ముందు విస్తళ్ళు పట్రండి. మీరే వచ్చి, ఆ పాదులోని దుంపలు విడదీసి నాటండి. నువ్వొక్కదానివీ వస్తే ఇవ్వను."

కోటమ్మ తిరిగొచ్చి, గంగులు పక్కన చతికిలబడింది. అడవంతా చుట్టూ చేరింది. ఆవిడ బతిమాలలేదు. గొంతులో సత్తువ లేదు.

"నేనిక తిరగలేను. వీడు బతకాలంటే మీరు విస్తళ్ళు కుట్టి, ఎదుటి కొండెక్కి దుంపలు నాటాలి" అంది.

లింగయ్య తోక మాటెత్తకుండా చెట్టెక్కాడు. అడవిలో ఆకన్నది మిగలదేమో అన్నట్టు కోశాడు! రత్తి చెల్లెళ్ళందరితోనూ కూర్చుంది. కానీ చేతులు పని మరిచిపోయాయి. మొదటి విస్తరి చిరిగింది. రెండోది పట్టుకోగానే విడిపోయింది. మూడోది వంకరగా ఉన్నా నిలిచింది. అందరూ కొండెక్కి, చీకటి పడేదాకా దుంపలు నాటి, పిడికెడు పసుపుతో దిగారు.

గంగులు బతికాడు. కానీ ఆ కాలు మళ్ళీ నేల మోపలేదు.

"ఇంకాస్త ముందు తెచ్చుంటే..." అని ఆగిపోయింది కోటమ్మ.

"ఊరుకో వదినా. కాలు పోయింది గానీ నోరుందిగా? ఇకనుంచి వంతు పిలుపు నాది" అన్నాడు గంగులు.

అతని అరుపు అరుపా అది! గుహ ముందు కూర్చుని పిలిస్తే కొండల అవతల రాళ్ళు కూడా లేచి వంతుకి బయల్దేరేవి.

వానలు వెనకబట్టాక భద్రయ్య తిరిగొచ్చాడు. "నేనొచ్చేశాగా! ఇంకా ఈ తిప్పలెందుకు?" అన్నాడు.

"రావయ్యా దొరా!" అని అరిచాడు గంగులు. "రేపు రోగులకి నీళ్ళు తెచ్చే వంతు నీది. ఎల్లుండి లింగయ్యది. ముందు ఎదుటి కొండకెళ్ళి, పెరికిన చోట పాదులు సరిచేసి రా."

భద్రయ్య గుహలోకి చూశాడు. కోటమ్మ అతని వైపు చూసి, తల ఊపి, ముందున్న రోగి పుండు కడగడంలో పడింది. ఏనుగు చెవులు వాల్చుకుని కొండ దారి పట్టాడు.

నీతి: అందరికీ కావలసిన వైద్యాన్ని అందరూ కలిసి మొయ్యాలి. ఒక్కరి వీపు మీదే పెడితే, ఆ ఒక్కరూ కదిలిన రోజున అందరూ పడిపోతారు.