వార్డులో తిరిగిన మాట

ఏసుపాదం మాస్టారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకునేదాకా ఆగుతారు. అప్పటికీ ప్రశ్న మిగిలి ఉంటేనే నోరు విప్పుతారు.

ఆ సాయంత్రం రుక్సానా ప్రశ్న మిగిలింది. పై చదువుల పరీక్ష కోసం ఆమె కఠినమైన ఇంగ్లీషు మాటలు రెండు వేలు కంఠతా పట్టింది. ఏది అడిగినా అర్థం ఠక్కున చెప్పేస్తుంది. "ఒక మాట నాకు వచ్చేసిందని ఎప్పుడు అనుకోవచ్చు మాస్టారూ?" అంది. మాస్టారు తనకు తెలిసిన దైవాధీనం సంగతి చెప్పారు.

దైవాధీనం నర్సాపురం వాడు. గోదావరి మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపే అన్న సుందర్రావే అతన్ని చదివించాడు. ఉద్యోగ పరీక్షకని దైవాధీనం రోజుకు పది మాటల చొప్పున నేర్చేవాడు. పేపర్లో ఎక్కడైనా తను నేర్చిన మాట కనబడితే, పరాయి ఊళ్లో చుట్టం కనబడినంత సంబరం. ఆ ఏడు వానాకాలంలో సుందర్రావుకు కాలేయం చెడింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. తమ్ముడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మాటలు వల్లించేవాడు. అన్న కళ్లు మూసుకుని వినేవాడు.

ఒక పొద్దున పెద్ద డాక్టరు వచ్చి, కేసు కాగితం చూసి, వెంట ఉన్న చిన్న డాక్టర్లతో ఇంగ్లీషులో ఏదో చెప్పి, చివర "మోరిబండ్" అని ముందుకు సాగాడు. ఆ మాట దైవాధీనం కిందటి వారమే నేర్చాడు. చెవిన పడగానే గుర్తుపట్టాడు, మొహం విప్పారింది. చావుకు దగ్గరపడినవాడు అనే అర్థం ఆ తర్వాత వచ్చింది, ఒక్క గుటక వేసేంత ఆలస్యంగా. ఆలోపే అన్న అతని నవ్వు చూసేశాడు.

"మంచి మాటేనట్రా?" అన్నాడు సుందర్రావు.

దైవాధీనం తల ఊపాడు. ఊపకుండా ఎలా ఉండాలో అతనికి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం సుందర్రావు పది రోజుల తర్వాత మొదటిసారి లేచి కూర్చుని గంజి అడిగాడు. ఆ మాట తమ్ముడి చేత మళ్లీ మళ్లీ చెప్పించుకుని నేర్చుకున్నాడు. అతని నోట్లో అది మోరిబండు అయింది. డాక్టరుగారు తనకు మోరిబండు రాశారని పక్క మంచం ముసలాయనకు చెప్పాడు. ముసలాయన ఎదుటి మంచానికి చెప్పాడు. మర్నాటికి వార్డంతా పాకింది. కొత్తగా చేరినవాళ్లకు నీకూ వస్తుందిలే మోరిబండు అని ధైర్యం చెప్పడం మొదలుపెట్టారు. కిటికీల్లోంచి ముసురు పట్టిన పగటి వెలుతురు పడుతుండగా, ఇరవై మంచాల మీద ఎండిపోయిన మొహాలు నవ్వుతూ ఒకరికొకరు ఆ మాట చెప్పుకుంటుంటే, దైవాధీనం తల దించుకునేవాడు. ఆ మంచాల మధ్య దాని అర్థం తెలిసినవాడు తనొక్కడే. చెప్పేయాలని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ అన్న అతని వైపే చూస్తున్నాడు.

నాలుగో రోజు పెద్ద డాక్టరు వార్డులోకి రాగానే సుందర్రావు చేతులు జోడించి "మోరిబండండి" అన్నాడు. అతని వెనకే, మంచం తర్వాత మంచం, అందరూ అన్నారు. డాక్టరు అడుగు ఆగిపోయింది. గది చివరిదాకా చూసి, ఆఖరికి స్టూలు మీదున్న దైవాధీనం దగ్గర చూపు నిలిపాడు. ఆ రోజు ఆయన ఏ మంచం దగ్గరా ఇంగ్లీషు మాట్లాడలేదు.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం సుందర్రావు పోయాడు, గంజి తాగుతూ తాగుతూ, మొహాన బాధన్నది లేకుండా. దైవాధీనం సామాను మూట కడుతుంటే పక్క మంచం ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"మీ అన్న హాయిగా వెళ్లాడు. నాకెప్పుడు రాస్తారు బాబూ, ఆ మాట?"

మాస్టారు అక్కడ ఆపేశారు. దైవాధీనం ఏమని జవాబు చెప్పాడని రుక్సానా మెల్లగా అడిగింది.

"అర్థం అతనికి నోటికి వచ్చునమ్మా," అన్నారు మాస్టారు. "జవాబే రాలేదు."