ఇరవై మూడో తూటా

నెమలిపేటలో గౌరునాయుడు అనే మాజీ హవల్దారు ఉండేవాడు, ఆయన చేతిపని బంగారమే గానీ ఆ చెయ్యి కూడా ఎప్పుడైనా పొరపాటు చేస్తుందంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఇంట్లో గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకబడితే రేడియోవాళ్లు తొందరపడుతున్నారనేవాడు. తాను బిగించిన తలుపు నేలకు రాసుకుంటే ఇల్లు కుంగిందనేవాడు. తాను వండిన పులుసు ఉప్పగా ఉంటే, ఈమధ్య ఉప్పులోనే ఉప్పు ఎక్కువైందనేవాడు. వినేవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు ఆయనా నవ్వేవాడు కాబట్టి ఎవరికీ ఆయన మీద కోపం వచ్చేది కాదు.

ఒక్క తూటాల విషయంలో మాత్రం ఊరంతా ఆయనకు దండం పెట్టేది. సైన్యంలో ఇరవై ఏళ్లు ఆయుధాల మరమ్మతు పని చేసి వచ్చాడు. నెమలిపేటలో రైఫిల్ క్లబ్బు ఉండేది. క్లబ్బువాళ్లు కాల్చేసిన ఇత్తడి గొట్టాలను ఆయన ఇంటికి తెచ్చి, కడిగి, తుడిచి, మళ్లీ తుపాకిమందు పోసి, కొనకు కొత్త గుండు బిగించేవాడు. అందుకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితాన్ని పెళ్లి ఫొటో పక్కనే అద్దం కట్టించి పెట్టుకున్నాడు. "నాయుడు గారి తూటా గీత గీసినట్టు పోతుంది" అని పక్క ఊళ్లవాళ్లు కూడా చెప్పుకునేవాళ్లు.

క్లబ్బు గోడ మీద నియమాలు రాసిందీ ఆయనే. తూటాలు నింపేటప్పుడు మాట్లాడరాదు, పని మధ్యలో లేవరాదు, లేవాల్సివస్తే అప్పటిదాకా నింపినవన్నీ విప్పి మొదటినుంచి నింపాలి అని ఎర్ర రంగుతో గుండ్రంగా రాశాడు. అవన్నీ మిగతావాళ్ల కోసమని ఆయన ఉద్దేశం.

ఆయన కొడుకు కూడా సైన్యంలోనే ఉండేవాడు. కోడలు హైమావతి ఊళ్లో ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. పెళ్లయిన కొత్తలో ఆ పిల్ల తుపాకి చప్పుడు వింటే చెవులు మూసుకుని వంటింట్లోకి పరిగెత్తేది. మామగారే దగ్గర కూర్చోబెట్టుకుని గురి నేర్పాడు. నాలుగేళ్లు తిరిగేసరికి క్లబ్బులో ఆమెను మించినవాళ్లు లేకపోయారు. ఆ ఏడు జిల్లా పోటీలకు ఆమెను ఎంపిక చేశారు. అందులో మొదటి ఇద్దరిలో ఒకరైతే రాష్ట్రం జట్టులో చోటు దొరుకుతుంది. ఆ మాట తలుచుకుంటే చాలు, గౌరునాయుడి మీసం దానంతటదే పైకి లేచేది.

పోటీకి ముందురోజు పొద్దున్నే హైమావతి బడికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మావయ్యా, రేపటికి యాభై తూటాలు కావాలి. మీరు నింపినవైతేనే నాకు ధైర్యం" అంది.

"నాను బతికుండగా నీకు ఇంకోడి తూటా ఎందుకమ్మా?" అన్నాడు గౌరునాయుడు.

ఆయన వసారా గదిలో బల్ల ముందు కూర్చున్నాడు. బెజ్జాల చెక్కలో యాభై గొట్టాలు వరసగా నిలబెట్టాడు. ఆయన పద్ధతి ఆయనది. పాత కేలండరు కాగితాలను తమలపాకంత ముక్కలుగా కత్తిరించి, చిన్న త్రాసులో మందు తూచి, యాభై పొట్లాలు కట్టుకునేవాడు. ఒక పొట్లం విప్పి గొట్టంలో పోసి, గుండు బిగించి, ఖాళీ కాగితాన్ని బుట్టలో వేసి, రెండోదానికి వెళ్లేవాడు. క్లబ్బులో మిగతావాళ్లు ముందు అన్ని గొట్టాల్లో మందు పోసి, గుండు బిగించే ముందు దీపం పెట్టి ఒక్కొక్కటీ తొంగిచూసేవాళ్లు. అది చేతి మీద నమ్మకం లేనివాళ్ల పనని గౌరునాయుడు కొట్టిపారేసేవాడు.

ఇరవై రెండు పూర్తయ్యాయి. ఇరవై మూడో గొట్టంలో మందు పోసి, ఖాళీ కాగితం బల్ల మీద పెట్టాడో లేదో, వాకిట్లో గాజుల చప్పుడు వినిపించింది. పక్క వీధి అప్పలనర్సమ్మ పట్టుచీర కట్టుకుని, ఒక చేతిలో శుభలేఖలు, ఇంకో చేతిలో కుంకం బరిణె పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నయ్యా, మా పిల్ల పెళ్లి. బొట్టెట్టి పిలవడానికొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరేటి?" అంది.

బొట్టు పెట్టి పిలవడానికి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెడతారా? చేతిలో పని ఉంది, తర్వాత రమ్మంటారా? నెమలిపేటలో అలా అన్నవాళ్లు అప్పటిదాకా లేరు. గౌరునాయుడు గభాలున లేచి, చేతులు కడుక్కుని, తూర్పుముఖంగా కూర్చుని బొట్టు పెట్టించుకున్నాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ కలపడానికి లోపలికి వెళ్లాడు. కాఫీ తాగుతూ అప్పలనర్సమ్మ పెళ్లికొడుకు ఉద్యోగం గురించి చెప్పింది. పెళ్లికొడుకు పొడుగు గురించి చెప్పింది. వంటవాళ్లు పనసపొట్టు కూరకు ఒప్పుకోకుండా ఎంత ఏడిపించారో చెప్పింది. ఆమె వెళ్లేసరికి ముప్పావుగంట గడిచింది.

గౌరునాయుడు నవ్వుకుంటూ బల్ల దగ్గరకు వచ్చాడు. ఎక్కడ ఆపాను? ఇరవై మూడోదానికి గుండు లేదు. పక్కన ఖాళీ కాగితమూ లేదు. అయితే ఇంకా మందు పోయలేదన్నమాట అనుకుని పొట్లం విప్పి పోశాడు, గుండు బిగించాడు. చెయ్యి మళ్లీ వేగం అందుకుంది.

చివరికి పొట్లాలన్నీ అయిపోయాయి. గొట్టం మాత్రం ఒకటి ఖాళీగా మిగిలింది.

పొట్లాలు యాభై, గొట్టాలు యాభై. ఒక గొట్టం మిగిలిందంటే, ఎక్కడో ఒకదాంట్లో రెండు పొట్లాల మందు పడింది. రెండింతల మందు పడితే ఏమవుతుందో సైన్యంలో కళ్లారా చూసినవాడు. తుపాకి నిలవదు, పగిలిపోతుంది. అన్నీ విప్పి మళ్లీ నింపాలంటే రేపటికి తెమలదు. పైగా కోడలు వచ్చి ఎందుకు విప్పుతున్నారని అడుగుతుంది. ఏమని చెప్పాలి?

బుట్ట బోర్లించి ఖాళీ కాగితాలు లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై తొమ్మిదే.

"అదీ సంగతి. నాను కట్టిందే నలభై తొమ్మిది" అని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. జీవితంలో మొదటిసారి తన చెయ్యి తప్పు చేసిందని ఒప్పుకున్నాడు. అదైనా, ఈ చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్ద తప్పు వైపు చూడక్కర్లేదు కాబట్టి ఒప్పుకున్నాడు. ఇంకొంచెం మందు తూచి ఆఖరి గొట్టం నింపేశాడు.

సాయంత్రం హైమావతి వచ్చి పెట్టె చూసి మురిసిపోయింది.

"లెక్క సరిపోయిందా మావయ్యా?" అంది.

"సరిపోకేటి" అన్నాడు ఆయన. పెట్టె మూత మాత్రం తొందరగా వేసేశాడు.

తెల్లారి పోటీ మైదానం తిరునాళ్లలా ఉంది. నెమలిపేట సగం ఊరు వచ్చింది. పాచిపేట క్లబ్బు కార్యదర్శి భుజంగరావు తన జట్టుతో దిగాడు. గౌరునాయుడు ఎప్పుడు తప్పు చేస్తాడా అని ఇరవై ఏళ్లుగా కాచుకుని కూర్చున్న మనిషి ఆయన. ఇద్దరూ ఎదురుపడితే చాలు, ఒకరి మీద ఒకరు చెణుకులు విసురుకునేవాళ్లు.

హైమావతి తుపాకి తీసుకుని బయలుదేరుతుంటే జనాన్ని ఆపడానికి కట్టిన తాడు వెనకనుంచి అప్పలనర్సమ్మ పిలిచింది.

"ఉండమ్మా కోడలా, నిన్న నువ్వు ఇంట్లో లేవు. బొట్టెట్టించుకుని ఎల్లు" అని బొడ్డులోంచి చిన్న పొట్లం తీసి, కుంకం అద్ది, ఆమె నుదుట పెట్టింది. హైమావతి నవ్వి, కాల్చే చోటుకు వెళ్లిపోయింది.

గౌరునాయుడు ఆ పొట్లం వైపే చూస్తూ ఉండిపోయాడు. కేలండరు కాగితం. తమలపాకంత ముక్క.

"అప్పలనర్సమ్మా, ఈ కాగితం ఎక్కడిది?" అన్నాడు.

"మీ బల్ల మీదదే అన్నయ్యా. నువ్వు కాఫీ కలుపుతుంటే నా బరిణె మూత ఊడిపోయింది. ఖాళీ కాగితం కనబడితే కుంకం పొట్లం కట్టుకున్నాను. ఏటి, పనికొచ్చేదా?"

నలభై తొమ్మిదికి ఒకటి కలిస్తే యాభై. ఇక తప్పించుకోవడానికి సందు లేదు. చుట్టూ ఊరి జనం ఉన్నారు. ఎదురుగా భుజంగరావు ఉన్నాడు. నోరు విప్పితే ఇరవై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోతుంది. అంతకన్నా, కోడలు తుపాకి గురి సరిచేసుకున్నది తాను నింపే తూటాలతోనే. ఇప్పుడు వేరేవి ఇస్తే గురి తప్పి రాష్ట్రం జట్టు కల చెదిరిపోవచ్చు. యాభైలో ఒకటే కదా అనుకుందామా అంటే, ఆ ఒక్కటి పేలేటప్పుడు తుపాకికి ఆనించి ఉండేది హైమావతి చెంప.

ఈల మోగింది. హైమావతి బోర్లా పడుకుని మొదటి తూటా చేతిలోకి తీసుకుంది. గౌరునాయుడు తాడు దాటి, రెండు చేతులూ పైకెత్తి ముందుకు నడిచాడు.

"ఆపండయ్యా. ఆ తూటాలు కాల్చొద్దు. నింపడంలో నాను తప్పు చేశాను" అన్నాడు, మైదానం అంతా వినబడేలా.

హైమావతి తూటా కింద పెట్టి లేచి వచ్చింది.

"నిన్న అడిగాను గదా మావయ్యా, లెక్క సరిపోయిందా అని" అంది మెల్లగా.

"అడిగావమ్మా. నాను అబద్ధం చెప్పాను. విప్పి చూడాల్సింది. సిగ్గుపడి చూడలేదు."

ఆమె ఆయన ముఖంలోకి ఒక క్షణం చూసింది. కోపం వచ్చిందన్నది నిజం. కానీ ఆ పెద్దాయన మీసం అంత వాలిపోయి ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"కాల్చకముందే చెప్పారు గదా. చాలు" అంది. గౌరునాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు భుజంగరావు వాళ్ల దగ్గరకు వచ్చాడు. ఇక దెప్పుతాడని అందరూ అనుకున్నారు.

"నాయుడు గారూ, మీ నోట ఈ మాట వినాలని ఇరవై ఏళ్లుగా ఎదురుచూశాను. తీరా విన్నాక నవ్వు రావడం లేదు" అని తన జట్టు తూటాల పెట్టె ఒకటి తెచ్చి హైమావతి చేతిలో పెట్టాడు. "కొత్తవమ్మా. నాలుగైదు కాల్చేసరికి నీ చేతికి అలవాటవుతాయి."

కొత్త తూటాలు అలవాటు చేసుకోవడానికి, లెక్కలోకి రాకుండా కాల్చుకోమని పోటీ పెద్దలు పది నిమిషాలు గడువిచ్చారు. మొదటి ఐదు గుండ్లు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. ఆరోది గురిపలక మీది నల్ల చుక్క అంచు తాకింది. ఆ తర్వాత ఆమె చెయ్యి కుదురుకుంది.

అటు పోటీ జరుగుతుంటే ఇటు షెడ్డులో గౌరునాయుడు, భుజంగరావు కలిసి పెట్టెలోని వరసలోనే ఒక్కొక్క తూటా విప్పారు. ఇరవై మూడోది విప్పి మందు త్రాసులో పోస్తే పళ్లెం ధడేలున కిందికి దిగింది. అప్పుడే బయట డప్పులు మోగాయి. హైమావతి రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం పాచిపేట అమ్మాయిది.

"మొదటిదీ మా జట్టే, రెండోదీ మా తూటాలే. రెండు బహుమతులూ నావే నాయుడు గారూ" అన్నాడు భుజంగరావు. గౌరునాయుడు పొద్దుటినుంచి మొదటిసారి నవ్వాడు. నవ్వడమే కాదు, ఆయన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు కూడా. ఊరివాళ్లు హైమావతిని డప్పులతో ఇంటికి తీసుకొచ్చారు. దారి పొడవునా అప్పలనర్సమ్మ, తన కుంకం వల్లే పిల్ల ప్రాణం నిలిచిందని కనబడినవాళ్లందరికీ చెప్పింది. ఆ కుంకం వల్లే పోబోయిందన్న సంగతి గౌరునాయుడు ఎత్తలేదు. తప్పు కుంకానిది కాదని అప్పటికి ఆయనకు తెలిసింది.

ఆ తర్వాత ఆయన వాకిట్లో ఒక బోర్డు వెలిసింది. "లోపల తూటాలు నింపుతున్నాం. పెళ్లి పిలుపులు సాయంత్రం ఐదు దాటాక" అని ఉండేది. ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. గుండు బిగించే ముందు ప్రతి గొట్టంలోకీ దీపం పెట్టి తొంగిచూడడం ఆయనకు అలవాటైంది. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠంగా ఈ కథే చెప్పేవాడు. "అంత తెలివితక్కువ పని చేసిందెవరు తాతా?" అని ఎవరైనా అడిగితే, మీసం మెలేసి, "నానే" అనేవాడు గర్వంగా.

పిల్లలూ, ఎంత పనిమంతుడికైనా పొరపాటు వస్తుంది. అనుమానం కలిగినప్పుడు పరువుకు వెరచి దాన్ని కప్పిపెట్టకుండా, పని అక్కడే ఆపి, తప్పు ఒప్పుకుని, మొదటినుంచి సరిచేసుకునేవాడే తననూ తనవాళ్లనూ కాపాడుకుంటాడు.