గోరువంక ముద్ర ఎవరిది?

వేణుగిరి రాజు నరహరి భూపతికి ఒకరోజు పొద్దున్నే కొత్త ఆలోచన పుట్టింది. ఆయనకు ఆలోచన పుట్టిందంటే ఊళ్లో ఎవరికో ఒకరికి తిప్పలు మొదలైనట్టే.

"చిన్నా పెద్దా ఎవరు సరుకు అమ్మినా దానిమీద తమ గుర్తు వేసుకోవాలి. ఆ గుర్తును కొలువులో నమోదు చేయించుకోవాలి. ముందొచ్చినవాళ్లదే గుర్తు. ఒకరి గుర్తు ఇంకొకరు వాడితే శిక్ష తప్పదు!" అని దండోరా వేయించాడు.

ఆలోచన మంచిదే. కానీ డప్పు మోగుతూ వీధిలోంచి పోతున్నప్పుడు గురవమ్మ ఇంట్లో పొగాకు దంచుతున్నారు. రోకటి పోట్ల మధ్య డప్పు ఎవరికి వినపడుతుంది?

గురవమ్మ ముక్కుపొడుం చేసి అమ్ముతుంది. చిన్న చెక్క డబ్బీలో పోసి, మూతమీద లక్కతో గోరువంక ముద్ర వేస్తుంది. ఆవిడ దగ్గర ఒక పద్ధతుంది. పొడుం పీల్చినా తుమ్ము రాకపోతే డబ్బీ తెచ్చి అరుగుమీద పెట్టొచ్చు, కొత్తది పట్టుకుపోవచ్చు. ఎందుకూ ఏమిటీ అని అడగదు. ఆ పద్ధతి సంస్థానమంతటికీ తెలుసు. డబ్బీ వెనక్కి తెచ్చేవాళ్లే అరుదు.

దండోరా విన్నవాడు భూషణం. పెద్ద వర్తకుడు, అంతకన్నా పెద్ద పాగా. ఇటుకపొడిలో కాస్త పొగాకు కలిపి, గోరువంక ముద్ర కొట్టి, దూరపు సంతల్లో ఎప్పటినుంచో గుట్టుగా అమ్ముకుంటున్నాడు. మర్నాడే కొలువుకు వెళ్లి గోరువంకను తన పేర నమోదు చేయించుకున్నాడు. ఆనక భటులను వెంటబెట్టుకొచ్చి గురవమ్మ ముద్రను లాక్కుపోయాడు.

గురవమ్మ కొలువుకొచ్చి నిలబడింది.

"మా ఆయన పోయాక ఆ ముద్రే మా ఇంటిల్లిపాదినీ సాకింది, ప్రభూ. ఇప్పుడు నా పొడుం నేనమ్ముకుంటే నేనే దొంగనట!"

రాజుగారు ఇబ్బందిగా కదిలాడు. పక్కనే ఉన్న కోనప్ప వైపు చూశాడు. రాజుగారి విసుగు పోగొట్టడం కోనప్ప ఉద్యోగం.

"కోనప్పా, నా శాసనం నేను మార్చుకోలేను. అలాగని ఈవిడ పొట్ట కొట్టలేను. నా మాట పోకుండా ఆవిడ ముద్ర ఆవిడకు రావాలి. చూడవయ్యా!"

కోనప్పకు అప్పటికే ఒళ్లు మండుతోంది. అతని ముక్కు గురవమ్మ పొడుమే తప్ప ఇంకోటి ఎరగదు. మొన్న ఏదో సంతలో గోరువంక డబ్బీ కొని, ఎంత పీల్చినా తుమ్ము రాక, తన ముక్కే చెడిపోయిందేమోనని దిగులుపడ్డాడు పాపం. ఆ ముద్ర కోసం భూషణం ఎగబడ్డాడనేసరికి, అది ఎవరి పనో ఇప్పుడు అర్థమైంది.

"ఒక్క దండోరాకు సెలవిప్పించండి ప్రభూ, చాలు" అన్నాడు.

సాయంత్రానికల్లా ఊరూరా డప్పు మోగింది.

"గోరువంక ముద్ర ఇకమీదట భూషణంగారిదహో! పద్ధతి పాతదేనహో! తుమ్ము రాని డబ్బీలు భూషణంగారి అరుగుమీదే మార్చుకోవచ్చహో!"

భూషణం తన పేరు వినగానే పొంగిపోయాడు. మిగతాది సరిగ్గా వినకుండానే దండోరావాడి భుజాన కండువా కప్పాడు.

తెల్లారి తలుపు తీసేసరికి అరుగునిండా జనం. సంతలున్న ఊళ్లన్నీ కదిలొచ్చాయి. అందరి చేతుల్లోనూ గోరువంక డబ్బీలే. భూషణం గాభరాగా కొత్త డబ్బీలు తెప్పించి పంచాడు. అవీ ఇటుకపొడే కదా! జనం అక్కడే మూతలు తీసి పీల్చారు. ఒక్కరూ తుమ్మలేదు, ఒక్కరూ లేవలేదు.

"ఇంకోటి తేవయ్యా, తొందరేం లేదు" అన్నాడొక ముసలాయన, తువ్వాలు పరుచుకుంటూ.

మధ్యాహ్నానికి భూషణం కొలువుకు పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే జనం.

"రక్షించండి ప్రభూ! తుమ్ము రాకపోతే మారుస్తానని నేనెప్పుడన్నాను? ఆ మాట గురవమ్మది!"

"గోరువంకను చూసేగా వీళ్లు కొన్నది" అన్నాడు కోనప్ప మెల్లగా. "ముద్ర మీదైతే దాని వెంట వచ్చే మాటా మీదే. ముద్ర నాదే అనండి, వీళ్లంతా మీ అరుగుమీదే ఉంటారు."

"తుమ్ము వచ్చేదాకా కదలం" అన్నాడు ముసలాయన. "భోజనాలూ అక్కడే."

భూషణం ఆ జనాన్ని చూశాడు. పాగా తీసి చెమట తుడుచుకున్నాడు.

"నాకొద్దు! ఆ ముద్ర నాది కాదు. మొదట్నుంచీ గురవమ్మదే! ఆ గోరువంకను పుట్టించిందే ఆవిడ!"

"రాయసంగారూ, గురవమ్మ పేర రాసేయండి" అన్నాడు కోనప్ప. రాయసం రాసేశాడు. భూషణం హమ్మయ్య అనుకుని గుమ్మంవైపు తిరిగాడు.

"ఒక్కమాట, భూషణంగారూ" అని పిలిచాడు కోనప్ప.

"ముద్ర మొదట్నుంచీ ఆవిడదైతే, మరి సంతల్లో ఇన్నాళ్లూ ఎవరి ముద్ర కొట్టి అమ్మారు?"

భూషణం గబగబా గుమ్మం దాటబోతే భటులు అడ్డం నిలబడ్డారు.

రాజుగారు సింహాసనం చేయి చరిచి నవ్వాడు. "ఒకరి గుర్తు ఇంకొకరు వాడితే శిక్ష అన్నది నా శాసనమే! పొగాకు నీ గోదాముల్లోంచి రావాలి. గురవమ్మ పెరట్లో కూర్చుని నీ చేత్తో నువ్వే దంచాలి. వీళ్లందరికీ కడుపారా తుమ్ములొచ్చేదాకా!"

తన మెడలోని ముత్యాలహారం తీసి కోనప్ప మెడలో వేశాడు.

కబురందుకుని వచ్చిన గురవమ్మ, తిరిగి చేతికందిన తన ముద్రను చెంగున ముడేసుకుంది. భూషణాన్ని ఎగాదిగా చూసి, జాలిపడింది కూడా.

"ముక్కుకు గుడ్డ కట్టుకో బాబూ. నా పొడుం నిజమైంది, తట్టుకోలేవు!"

కొలువంతా గొల్లున నవ్వింది.