మాయదీవి మొనగాడికి పాడె

గుమ్మలపాడులో తెలివంటూ ఉంటే అది తన ఇంట్లోనే ఉందని గవరయ్య ధీమా. ఆ తెలివి చెవుల్లోంచి కారిపోకుండా తనూ, పెళ్ళాం పైడమ్మా, తమ్ముడు సత్తెమూ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవారు.

పక్క బస్తీ సినిమా హాల్లోకి 'మాయదీవి మొనగాడు' వచ్చింది. చూసొచ్చిన మంగలి అచ్చన్న, "ఆ సినిమాకి బుర్ర ఇంట్లో పెట్టి పోవాలి మావా" అన్నాడు.

అంతే. గవరయ్య తల పట్టుకుని లాగి చూసుకున్నాడు. ఊడి రాలేదు.

"బుర్ర రాకపోతే బుర్రలోది వస్తుంది కదా" అంది పైడమ్మ. దూది తీసి, ముగ్గురూ చట్టి మీదికి చెవులు వంచి, తెలివి కారేదాకా ఆగారు. చట్టికి మూతపెట్టి, పిల్లి ముట్టకుండా ఉట్టి మీద పెట్టి బయల్దేరారు.

తీరా చూస్తే ఏముంది? ఏడుతలల పాము గాలిపోయిన సైకిలు ట్యూబులా ఉంది. రాక్షసుడి కొమ్ము మాటిమాటికీ చెవి మీదికి జారుతోంది. ఇక మొనగాడు మీసం రాని కుర్రాడు. గురువు "ఆ తలుపు తియ్యకు నాయనా" అంటే తీస్తాడు. "ఆ లోయలో..." అనేలోపే దూకుతాడు. వాడు దూకిన చోటల్లా ఓ ఊరు తగలబడుతుంది. ఆ మంటల ముందు నిలబడి పాట పాడతాడు.

వెనక సీటాయన విసుక్కున్నాడు. "వీడికి ముందూ వెనకా చూసుకోవడం రాదేంటయ్యా."

గవరయ్యకి జాలేసింది. "ముందు మనం ఉన్నాం. వెనక సంగతి నువ్వు చూసిరారా" అని తమ్ముణ్ణి పంపాడు. సత్తెం తెర వెనక్కి పోయి, నుదుట బొప్పితో తిరిగొచ్చాడు.

"వెనక గోడే ఉందన్నా. చూడ్డానికేం లేదు. అందుకే చూడట్లేదు."

ఆట వదిలాక గేటు దగ్గర హాలు యజమాని నాయుడుగారు దిగాలుగా కూర్చున్నారు. "ఏం బాబూ, అలా ఉన్నారు?" అని గవరయ్య పలకరించాడు.

"ఏం చెప్పను. సినిమా పోయింది. రేపు మొదటాట అవగానే ఎత్తేస్తాం."

ఇంకేముంది. గవరయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "సినిమా అంటే ఆ కుర్రాడే కదే" అన్నాడు దారిలో పెళ్ళాంతో. "అన్నిచోట్ల దూకితే పోక ఏం చేస్తాడు? ఎత్తే వేళకి మనం ఉండాలి."

మర్నాడు వెదురు పాడె, నిప్పుకుండ, ఇద్దరు డప్పులవాళ్ళతో ముగ్గురూ హాలుకి వచ్చారు. సత్తెం గోడ మీది పోస్టరు ఊడదీసి పాడె మీద పడుకోబెట్టాడు. "గురువు చెప్తే విన్నావా నాయనా" అని పైడమ్మ శోకాలు పెట్టింది. టికెట్లకి నిలబడ్డ నలుగురూ పాడెని చూసి పరుగు తీశారు.

నాయుడుగారు అదిరిపడి వచ్చారు. "ఎవరు పోయార్రా?"

"మీవాడే బాబూ. గుండె రాయి చేసుకోవాలి" అన్నాడు గవరయ్య.

ఉన్న నలుగురూ పోయారని తెలిసి నాయుడుగారు మండిపడ్డారు. "మీ మొహాలు నాకు మళ్ళీ చూపించకండి" అని గదిలోకి పోయి తలుపేసుకున్నారు.

"దుఃఖంలో ఉన్నవాళ్ళ మాట కాదనకూడదు" అని గవరయ్య మొహం మీదికి తువ్వాలు లాక్కున్నాడు. పైడమ్మ కొంగు కప్పుకుంది. సత్తెం చొక్కా ఎత్తుకున్నాడు. ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఇంటికని బయల్దేరి, తిన్నగా హాల్లోకే నడిచారు. కాలికి కుర్చీలు తగిలితే అరుగనుకుని కూర్చున్నారు. టికెట్లు తెగకపోయినా ఆపరేటరు వేళకి ఆట వేసేశాడు. ముసుగులు తియ్యకుండా ముగ్గురూ ఆసాంతం కూర్చున్నారు.

"కుర్రాడు బతికే ఉన్నాడే, గొంతు విన్నావా?" అన్నాడు గవరయ్య. "బుద్ధి కూడా వచ్చింది. ఇవాళ ఒక్కచోటా దూకడం నాకు కనపళ్ళేదు."

బయట డప్పులవాళ్ళు ఇంకా కాచుకునే ఉన్నారు. బతికున్నవాడు పాడె మీదెందుకని గవరయ్య పోస్టరు తీసి గోడకి ఆనించాడు. అప్పుడు గుర్తొచ్చింది, కట్టిన పాడె ఖాళీగా పోకూడదు. అంతే, తనే ఎక్కి పడుకున్నాడు. డప్పులవాళ్ళిద్దరూ, సత్తెం, పైడమ్మ తలో కొమ్మూ భుజానికెత్తుకున్నారు. పాడె లేచింది కదాని పైడమ్మ మళ్ళీ శోకం అందుకుంది.

గుమ్మలపాడు పొలిమేరలో ఓ ముసలావిడ ఎదురొచ్చి, "ఎవరు పోయారే పైడీ?" అని అడిగింది.

పైడమ్మ ముక్కు చీది, "నాకేం తెలుసు అత్తా, ఆయన్నే అడుగు" అంది.