తాళకోట కోడలి నోట ళకారం

వెనకటికి సముద్రం ఒడ్డున తాళకోట అని ఓ రాజ్యం ఉండేదట. దాన్నేలే దుర్జయవర్మ మహారాజుగారు మంచివారే. కాకపోతే తనకు తెలియనిది లోకంలోనే లేదని ఆయనకు గట్టి నమ్మకం.

ఆయన కొడుకు దూరపు ద్వీపం నుంచి మెయిరా అనే పిల్లను ఇష్టపడి పెళ్ళి చేసుకొచ్చాడు. ఆ రాజ్యంలో ఓ ఆచారం ఉంది. కొత్త కోడలు కోటబురుజు ఎక్కి, జనమంతా వినేలా "తాళకోట చల్లగా ఉండాలి" అనాలి. అప్పుడే అంతఃపురంలో అడుగు పెట్టనిస్తారు. అందాకా విడిదింట్లో ఉండాల్సిందే.

మెయిరా ముద్దుముద్దుగా తెలుగు నేర్చుకుంది. ఏం లాభం? ఎంతకీ "తాలకోట" అనేది. వాళ్ళ భాషలో ళకారం లేదు మరి!

"నేను నేర్పుతాను" అని రాజుగారే రంగంలోకి దిగారు. ఆయన నేర్పడమంటే అరవడమే. "ళ! ళ! గట్టిగా అను!" ఆ పిల్ల గట్టిగానే "ల" అంది. రాజుగారి గొంతు బొంగురుపోయింది.

"మొద్దు నాలుక! పున్నమికల్లా పలక్కపోతే ఓడెక్కించి పుట్టింటికి పంపేస్తాను" అనేశారు. రాజకుమారుడు అన్నం మానేశాడు.

ఆస్థాన విదూషకుడు పేరయకు ప్రాణం ఉసూరుమంది. విడిదింటికి వెళ్ళి, "అసలు నీకు ఏమని వినిపిస్తోంది తల్లీ?" అని అడిగాడు. ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు!

మెయిరా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మామగారు ఒకటే అక్షరం రెండుసార్లు అంటారు బాబాయిగారూ. ఒకటి తప్పంటారు, ఒకటి ఒప్పంటారు."

మర్నాడు పేరయ ఆమెను సభకు తీసుకొచ్చాడు. "ప్రభూ, వీళ్ళ భాషలో నకారాలు రెండట. తమకు తెలియనిదేముంది! మొదటిది వినబడితే కుడిచెయ్యి, రెండోది వినబడితే ఎడమచెయ్యి ఎత్తండి."

"ఓస్, ఇంతేనా!"

మెయిరా పలికింది. రాజుగారు కుడిచెయ్యెత్తారు. తప్పు. ఆమె మళ్ళీ పలికింది. ఈసారి ఎడమచెయ్యెత్తారు. అదీ తప్పే. చివరికి రెండు చేతులూ గాల్లో పెట్టుకుని దిక్కులు చూశారు. మంత్రులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మోసం! ఒకటే అక్షరం పలికి నన్ను ఆటపట్టిస్తోంది!"

"చిత్తం. కోడలుగారు కూడా తమ గురించి ఇదే అనుకుంటున్నారు ప్రభూ" అన్నాడు పేరయ.

రాజుగారు మీసం సవరించుకుని, "అయితే నాది మొద్దు చెవి అంటావా?" అన్నారు.

"నేనెక్కడన్నాను? ముందు చెవికి పట్టుబడనివ్వండి, నాలుక సంగతి తర్వాత చూద్దాం అంటున్నా."

"సరే, పున్నమిదాకా నీ ఇష్టం."

పేరయ ఒక్కసారి కూడా అరవలేదు. పూలమ్మేవాళ్ళను, వంటవాళ్ళను, కావలివాళ్ళను తెర వెనక కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత "కల, కళ" అనిపించాడు. సన్న గొంతు, బండ గొంతు, ముసలి గొంతు. మెయిరా వింటూ చెయ్యెత్తేది. మొదట్లో అన్నీ తప్పులే. రానురాను తేడా తెలిసింది. అప్పుడు అంగిట్లో కాస్త వెనగ్గా బెల్లంపాకం రాసి, "నాలుక కొన మడిచి దాన్ని నాకి చూడు తల్లీ. ళకారం ఉండే చోటు అదే" అన్నాడు.

పున్నమినాడు మెయిరా బురుజెక్కింది. "తాళకోట చల్లగా ఉండాలి!"

జనం ఈలలు, కేకలు! రాజకుమారుడికి కళ్ళు చెమర్చాయి. రాజుగారు పకపకా నవ్వి, తన ముత్యాలహారం తీసి పేరయ మెడలో వేశారు. ఆ ఊపులో కోడలివైపు తిరిగి, ఆమె భాషలో "స్వాగతం" అని గొంతెత్తి పలికారు.

మెయిరా నవ్వాపుకుంటూ తల అడ్డంగా ఊపింది. "నకారం తప్పింది మామగారూ. మళ్ళీ అనండి."

అంతమంది ముందూ రాజుగారు బుద్ధిగా మళ్ళీ అన్నారు.