సూదమ్మ చెలమ

అనగనగా ఒక అడవి, ఆ అడవి మధ్యలో ఒక వాగు. వానాకాలంలో ఆ వాగు ఏనుగునైనా లెక్కచేయదు. ఎండలు ముదిరాయంటే మాత్రం చుక్క నీరుండదు, అంతా ఇసుకే. అప్పుడు జంతువులు ఇసుకలో గుంట తవ్వుకుంటాయి. కాసేపటికి అందులో చల్లటి నీళ్లు ఊరుతాయి. దాన్నే చెలమ అంటారు.

తవ్వేస్తే సరిపోదు పిల్లలూ. రోజూ కూలిన ఇసుక తీయాలి. దాహంతో తోసుకొచ్చేవాళ్లను వరసగా నిలబెట్టాలి. అందుకని ఆ అడవిలో ఏటా ఒక చెలమ కాపరిని ఎంచుకునేవారు. కాపరికి జీతంగా వాగు గట్టు కింద చల్లటి బొరియ, గట్టు పొడవునా పెరిగే తుంగగడ్డలు దక్కేవి.

ఆ ఏడు ఆ పని కోసం సూదమ్మ అనే ముళ్లపంది వచ్చింది. తను ఉండే గుట్ట మీద గడ్డలన్నీ ఎండిపోయాయి. ఈ పని దొరక్కపోతే మూడు కొండలు దాటి పోవాలి. కాలే బండల మీద అలా పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ. అందుకే సూదమ్మకు ఆ పని కావాలి. చాలా కావాలి.

పోటీకి కోరన్న అనే అడవిపంది కూడా వచ్చాడు. ఎంపిక చేసేది కొండమ్మ. ఆమె కణుజు, అంటే జింకలన్నిట్లోకీ పెద్ద జింక. అడవికంతటికీ పెద్దదిక్కు.

"తవ్వండి" అంది కొండమ్మ.

సూదమ్మ తొందరపడలేదు. ఒకచోట ఇసుక వాసన చూసింది, ఊహూ. రెండోచోట చూసింది, ఊహూ. మూడోచోట తవ్వింది. కోరన్న ఇంకా సగం గుంటలో ఉండగానే సూదమ్మ గుంటలో నీళ్లు తళతళలాడాయి. అందరూ "భళా!" అన్నారు.

కొండమ్మ దగ్గరకొచ్చింది. "ఇప్పుడు ఒక ప్రశ్న. జింకపిల్లలూ అడవిదున్నలూ ఒకేసారి వచ్చాయనుకో. ముందు ఎవరిని తాగనిస్తావు?"

జవాబు సూదమ్మకు తెలుసు. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. గుండె దడదడలాడింది. నోరు పెగల్లేదు. నోరు పెగలకపోతే పోనీ, ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. తోక ముళ్లు గలగలమని మోగాయి. ఎదురుగా ఉన్న జింకపిల్ల బెదిరిపోయి తల్లి కాళ్ల మధ్య దూరింది.

కోరన్న మాత్రం గట్టిగా అన్నాడు. "అదేం ప్రశ్న? ఎవరు ముందొస్తే వాళ్లే!"

"ఈ ఏటికి కాపరి కోరన్న" అంది కొండమ్మ. "సూదమ్మా, నువ్వు వెళ్లొచ్చు."

అంతే. ఇంకో మాట లేదు. సూదమ్మ తలొంచుకుని వెళ్లి పొదలో దూరింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తరవాత కోపమొచ్చింది.

మొదటిరోజు నక్క పలకరించింది. "వాళ్లకు నీ మీద కుళ్లు అక్కా! వాళ్ల ముఖం కూడా చూడకు." ఆ మాట సూదమ్మకు తియ్యగానే ఉంది. కడుపు మాత్రం నిండలేదు.

రెండోరోజు చిలుక పలకరించింది. "నీకు రాసిపెట్టి లేదులే వదినా. కొండలు దాటి పో." ఆ మాటతో సూదమ్మ కాళ్లలో ఉన్న కాస్త సత్తువా పోయింది.

మూడోరోజు తాబేలు తాత వచ్చాడు. వచ్చి, కూర్చుని, ఆయాసం తీర్చుకుని అడిగాడు. "నిన్ను ఎందుకు వద్దన్నారమ్మా?"

"ఏమో తాతా."

"అడగలేదూ?"

"లేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను?"

"ఎందుకో తెలియకుండానే మూడురోజులు ఏడ్చావా?" అన్నాడు తాత.

సూదమ్మకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే కొండమ్మ దగ్గరికి వెళ్లింది. అడుగడుక్కీ వెనక్కి తిరిగిపోదామనిపించింది. అయినా వెళ్లింది.

"పెద్దమ్మా, పని ఇమ్మని రాలేదు. నాలో ఏం తక్కువైందో చెప్పు."

కొండమ్మ దాచకుండా చెప్పింది. "నీ తవ్వకానికి వంక పెట్టలేం. కానీ నువ్వు ముళ్లు లేపగానే జింకపిల్ల హడలిపోయింది. దాహంతో వచ్చినవాళ్లు భయపడి వెనక్కి పోతే ఇక చెలమ ఎందుకు?"

"కావాలని లేపలేదు పెద్దమ్మా! భయమేస్తే అవే లేస్తాయి."

"భయపడ్డావని మాకేం తెలుసు? పొడవడానికొస్తున్నావనుకున్నాం. భయమేస్తే భయమేస్తోందని నోటితో చెప్పు." కొండమ్మ ఇంకో మాట కూడా అంది. "ఈ మాట నీకు ఆరోజే చెప్పాల్సింది. చెప్పకుండా పంపడం నా తప్పే."

సూదమ్మ గుట్టకు తిరిగొచ్చి ఆలోచించింది. తన దగ్గర మిగిలినవి నాలుగు ఎండుగడ్డలు. అవి తిని కొండలు దాటడానికి బయలుదేరొచ్చు. లేదా అవి తింటూ ఇక్కడే ఉండి, కొండమ్మ చెప్పింది నేర్చుకోవచ్చు. రెండూ కుదరవు. సూదమ్మ ఉండిపోయింది. వాగు పైవంపులో చిన్న చెలమ ఒకటి తవ్వుకుంది.

మొదట ఉడుత వచ్చింది. సూదమ్మ నోరు తెరిచేలోపే ముళ్లు లేచాయి. ఉడుత చెట్టెక్కి మళ్లీ దిగలేదు.

తరవాత పిచ్చుకలు వచ్చాయి. "నాకు, నాకు భయంగా ఉంది" అంది సూదమ్మ. ముళ్లు సగమే లేచాయి. పిచ్చుకలు కొంచెం దూరం జరిగాయి గానీ ఎగిరిపోలేదు.

ఆ తరవాత బుల్లి కుందేలొకటి వచ్చింది. "నాకు భయంగా ఉంది, కాస్త ఆగమ్మా" అంది సూదమ్మ. "నాకూ భయంగానే ఉంది" అంది కుందేలు. ఇద్దరూ కాసేపు ఆగారు. ముళ్లు ఒక్కొక్కటే వాలాయి. కుందేలు సూదమ్మ కాళ్ల పక్కనే కూర్చుని గుటగుటా తాగింది. ఆ సంబరంలో సూదమ్మ తన ఆఖరి గడ్డ తినడం కూడా మరిచిపోయింది.

అక్కడ కోరన్న పని ఎలా ఉందంటారా? ఎవరు ముందొస్తే వాళ్లే అనడంతో దున్నలు ముందు దిగేవి. వాటి కాళ్ల కింద చెలమ గట్టు విరిగి ఇసుక గుంటలో పడేది. దానికి తోడు కోరన్నకు నీళ్లు చూస్తే ఒళ్లు ఆగదు. "ఒక్కసారి తడుపుకుంటా" అని దిగేవాడు. పడుకునేవాడు. దొర్లేవాడు. వారం తిరిగేసరికి చెలమ కాస్తా బురదగుంట అయింది.

ఒక ఉదయం దాహంతో ఉన్న జంతువులన్నీ పైవంపుకు నడిచొచ్చాయి. జింకలు, దున్నలు, ఒంటినిండా బురదతో కోరన్న, అందరికంటే ముందు కొండమ్మ. మళ్లీ అవే కళ్లు. అన్నీ సూదమ్మ మీదే.

కొండమ్మ అదే ప్రశ్న అడిగింది. "ముందు ఎవరిని తాగనిస్తావు సూదమ్మా?"

గుండె దడదడలాడింది. ముళ్లు కదిలాయి.

"నాకు భయంగా ఉంది పెద్దమ్మా. కాస్త ఆగండి."

అందరూ ఆగారు. ఒక్కరు కూడా వెనక్కి జరగలేదు. ముళ్లు వాలాయి.

"ముందు పిల్లలు, చిన్నవాళ్లు" అంది సూదమ్మ. "వాళ్లు తేలిక, గట్టు విరగదు. వాళ్లు తాగేలోగా అడుగున ఇంకా ఊరుతుంది. దున్నలు చివర. గట్టు విరిగినా అప్పటికి అందరి దాహం తీరిపోతుంది. నేను మళ్లీ తవ్వుకుంటాను."

ఆనాడు తల్లి కాళ్ల మధ్య దూరిన జింకపిల్లే అందరికంటే ముందు వచ్చి, సూదమ్మ పక్కన నిలబడి తాగింది.

"గట్టు కింద బొరియ నాకొద్దు బాబూ, తనకే ఇవ్వండి" అన్నాడు కోరన్న. "కావాలంటే ఇంకోటి తవ్విపెడతాను. తవ్వగానే మాత్రం నన్ను అవతలికి తరిమేయండి!" అందరూ నవ్వారు. సూదమ్మ కూడా నవ్వింది. ఆ పూట కడుపునిండా తుంగగడ్డలు తింది.

మరుసటి ఏడు ఎంపికలో కొండమ్మ పక్కన సూదమ్మను కూడా కూర్చోబెట్టారు. పని దొరకని ఉడుమొకటి తలొంచుకుని వెళ్లబోయింది. సూదమ్మ గబగబా ఎదురెళ్లింది.

"ఆగు తల్లీ. ఎందుకు వద్దన్నామో చెబుతాను, విని వెళ్లు."

నీతి: కాదన్నారని కుంగిపోకూడదు, ఎందుకు కాదన్నారో అడిగి, దిద్దుకుని, మళ్లీ నిలబడాలి.