శాస్త్రిగారు పట్టిన గూఢార్థం

వెదురుకోటలో రాజు నవ్వాకే సభ నవ్వాలి. ఆ సాయంత్రం నాటకంలో గవరమ్మ, కొలువులో గుర్రుపెట్టే తిండిపోతు రాజు వేషం కట్టింది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు, వెంటనే సభా నవ్వింది. నవ్వనిది ఆస్థాన విమర్శకుడు భైరవశాస్త్రి ఒక్కడే. వచ్చిన నవ్వును వివరించి చంపడమే ఆ మహానుభావుడి ఉద్యోగం.

"ప్రభూ, ఇందులో గూఢార్థముంది! ఆ తిండిపోతు తమరే!"

రాజుగారి మొహం కందగడ్డయింది. "దీని నాలుక కోయండి!"

గవరమ్మ నోరు మాత్రం ఊరుకోలేదు.

"చిత్తం ప్రభూ. కానీ ముందు నవ్వింది తమరే. తమరికే తమరు కనబడలేదు. గుర్రు వినగానే తమరు గుర్తొచ్చింది శాస్త్రిగారికే. ఆ పోలికలేవో వారినే చెప్పమనండి."

"చెప్పవయ్యా!" అన్నారు రాజుగారు.

శాస్త్రి విభూతి చెమటకు కారిపోయింది. "పోలికా? ఒక్కటీ లేదు ప్రభూ! గూఢార్థమే లేదు!"

"అయితే దాని నాలుక దానికే ఉండనీ. గూఢార్థమే లేనప్పుడు, ఆస్థానంలో నువ్వెందుకయ్యా?"